రాజుగారి కబురు

భీమవరం,
20 జనవరి 2025.

శశి అన్నయ్యకు,

నేను, తబితని. కాగితం మీద ఉత్తరం చూసి కంగారు పడకు, నాన్న బాగానే ఉన్నారు. చేతిలో ఫోను పెట్టుకుని పోస్టులో ఉత్తరం ఏంటని నవ్వుకుంటావని తెలుసు. ముందు కారణం విను.

నవంబరు 24న మీ నాటకం ఆఖర్న నాన్న స్టేజీ మీద కూలిపోయి ఇవాళ్టికి యాభై ఏడు రోజులు. కుడికాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది, నేను పట్టుకుంటే వీధి గుమ్మం దాకా నడుస్తున్నారు. కుడిచెయ్యి ఇంకా రాలేదు. బాధంతా మాటతోనే. మంచినీళ్ళు అడగబోయి ఐదు నిమిషాలు పెనుగులాడి 'కిటికీ' అంటారు. అది తప్పని ఆయనకే తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అదే పద్యం ఎత్తుకుంటే నాలుగు పాదాలూ గడగడా వచ్చేస్తాయి. పాటా మాటా మెదడులో ఒక్క చోట ఉండవట. ముప్పై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషికి మంచినీళ్ళు అనే మాట రాకపోవడం చూస్తే నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

స్పీచ్ థెరపీకి వచ్చే అమ్మాయి హరిచందన ఒక ఉపాయం చెప్పింది. ప్రింటు పుస్తకాలు ఇస్తే నాన్న తల తిప్పేసుకుంటున్నారు. తెలిసినవాళ్ళ చేతిరాత అయితే వాళ్ళ గొంతు గుర్తొచ్చి చదవాలనిపిస్తుందట. ఉత్తరాలు తెప్పించి రోజూ పైకి చదివించమంది. అమ్మకి చదువు రాదు కాబట్టి, చదివి వినిపించే పని ఆయనకి నిజంగానే ఉంటుంది.

అందుకని పెద్ద పెద్ద అక్షరాలతో, వరసలు ఎడంగా, నెలకి ఒకటో రెండో రాయి. ఒక్క మాట గుర్తు పెట్టుకో: నువ్వు రాసిన ప్రతి ముక్కా ఆయన నోటితోనే అమ్మకి వినబడుతుంది. కాబట్టి కాలేజీ కబుర్లలో బూతులు తగ్గించు.

నువ్వు రాజు వేషంలోనే, కిరీటం కూడా తీయకుండా, నాన్నని రెండు చేతుల మీద మోసుకెళ్ళి కారెక్కించావని హార్మోనియం చిట్టియ్య గారు కనబడిన వాళ్ళందరికీ చెప్తున్నారు. ఆ రోజు నేను ఇక్కడ ల్యాబ్‌లో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఉండబట్టి సరిపోయింది. ఆ రుణం మాటల్లో చెప్పలేను.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక నువ్వు ఒక్కసారీ రాలేదేంటని అమ్మ అడుగుతోంది. రాజమండ్రి నుంచి బస్సులో రెండున్నర గంటలే కదా.

నీ చెల్లెలు,
తబిత.


రాజమహేంద్రవరం,
27 జనవరి 2025.

మాస్టారికి నమస్కారాలు,

మీ అమ్మాయి హుకుం ప్రకారం పెద్ద అక్షరాలు రాస్తున్నాను. దస్తూరి బాగా లేదని బెత్తం తీసుకోకండి. అమ్మగారూ, మీరు కూడా వింటున్నారు కదా? నమస్కారమండి.

మాస్టారూ, నేను మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నాకు పదమూడేళ్ళు. గొంతు మారుతోంది, పద్యం ఎత్తుకుంటే కప్పలా అరుస్తున్నాను. మీరు నవ్వలేదు. "ఇది పోతుంది. దీని కింద ఇంకో గొంతు ఉంది, అది వచ్చేదాకా రోజూ రా" అన్నారు. రోజూ వచ్చాను. అమ్మగారు గుడ్డట్టు వేసి పెట్టేవారు. మా నాన్నగారికి చెప్పేవాణ్ణి కాదు. నోరు కడుక్కుని యాలక్కాయ నమిలి ఇంటికి పోయేవాణ్ణి. నేనెంత మంచి నటుణ్ణో మొదట తెలిసింది మా ఇంట్లోనే.

మన నాటకం సంగతి రాయమంది తబిత. మీకు తెలిసిందే అయినా అమ్మగారి కోసం రాస్తాను. ఆ ఇంగ్లీషు మహాకవి రాసిన రాజుల నాటకాల్లో ఒకటి. యువరాజు ఒక ముసలి స్నేహితుడితో కలిసి తాగి తందనాలాడుతూ తిరుగుతాడు. తండ్రి పోయి తను రాజవుతాడు. పట్టాభిషేకం రోజున ముసలాయన సంబరంగా పరిగెత్తుకుంటూ వస్తాడు. రాజు అందరి ముందూ నువ్వెవరో నాకు తెలియదంటాడు. నేను అనువాదం చేసి చూపిస్తే మీరేమన్నారో గుర్తుందా? "మన జనానికి పద్యం పాడని రాజు రాజే కాదురా" అన్నారు. ఆ తెలియదనే మాటని సీసపద్యం చేయించారు. ఆ తరవాత ముసలాయన చుట్టూ ఉన్నవాళ్ళతో అనే ఆఖరి మాట తెలుగులో మీరే కట్టారు: "అబ్బాయికి ఇవాళ పని ఎక్కువ. రేపు కబురు పెడతాడు."

మూడు కెమెరాలు పెట్టి తీస్తున్నాం, వన్స్ మోర్లు ఒప్పుకోం అని నేను ముందే మైకులో చెప్పాను. మీరు మేకప్ గదిలో పడీ పడీ నవ్వారు. మీరే నెగ్గారు, రెండు వచ్చాయి. అన్నీ మీ చలవే.

పరీక్షల పేపర్లు దిద్దడంలో ఉన్నాను. తీరిక చూసుకుని వస్తాను.

మీ శిష్యుడు,
శశిభూషణ్.


భీమవరం,
16 ఫిబ్రవరి 2025.

శశి అన్నయ్యకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు చదివారు. మొదటి రోజు 'మాస్టారికి' దగ్గరే ఆగిపోయి కాగితం నా మీదకి విసిరేశారు. రెండో రోజు గుడ్డట్టు దాకా వచ్చి నవ్వారు. అన్నయ్యా, స్ట్రోక్ వచ్చాక అదే మొదటి నవ్వు. ఒక పక్కే నవ్వారు కానీ నవ్వు నవ్వే. అమ్మకి యాలక్కాయ సంగతి ఇన్నాళ్ళూ తెలియదట. "అదా, నా డబ్బాలో యాలక్కాయలు ఎప్పుడూ అయిపోయేవి!" అంది.

కానీ ఆఖరి మాట దగ్గర చిక్కొచ్చింది. "అబ్బాయికి" అన్నారు. అంతే. మళ్ళీ మొదలుపెట్టి "అబ్బాయికి" అన్నారు. ఎదురుగా రాసి ఉన్నా నోరు తిరగలేదు. ఆ ఒక్క వరస వదిలేసి తరవాతది చదవమంటే వినలేదు. నాలుగు రోజులూ అక్కడికొచ్చి ఆగడమే. స్టేజీ మీద కూడా అదే మాట రాలేదట కదా?

మీరు తీసిన ఆ నాటకం సినిమా చూడాలని సైగ చేస్తున్నారు. టీవీ చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని అడుగుతారు. పంపించు.

ఇంకో సంగతి. మొన్న నరాల డాక్టరు గారు అడిగారు: ముందు చిన్నది వచ్చి తరవాత పెద్దది వచ్చిందా, ఒక్కసారే వచ్చిందా అని. "తెర పడకముందే ఏమైనా తేడా కనబడిందా? దగ్గరున్న వాళ్ళని అడగండి. ఈ జబ్బులో నిమిషాలు కూడా విలువైనవే" అన్నారు. నాన్నకి అందరికంటే దగ్గర నిలబడింది నువ్వే. మూడడుగుల దూరం ఉంటుందేమో. నీకేమైనా కనబడిందా?

తబిత.


రాజమహేంద్రవరం,
25 ఫిబ్రవరి 2025.

చెల్లాయికి,

మాస్టారు నవ్వారంటే ప్రాణం లేచొచ్చింది.

డాక్టరు గారు అడిగిన దానికి జవాబు: తెర పడేదాకా నాకేమీ తెలియదు. ఆ సీనులో ముసలాయన నిర్ఘాంతపోయి నిలబడాలి, మాస్టారు అలాగే నిలబడ్డారు. నటనే అనుకున్నాను. తెర పడి ఆయన పక్కకి ఒరిగాకే తెలిసింది. వెంటనే మోసుకెళ్ళాను. స్టేజీ మీద లైట్లు మొహాన కొడుతుంటే మనిషి సరిగ్గా కనబడడు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

సినిమా ఇంకా ఎడిటింగులో ఉంది. మణిశంకర్ కెమెరాలో గట్టివాడే కానీ పనిలో నత్త. కాస్త టైము పడుతుంది.

ఈ ఉత్తరం మాస్టారి చేత చదివించకు, దీన్లో సరదా ఏమీ లేదు. ఆయనకి వేరే కాగితం జత చేస్తున్నాను. మా కాలేజీలో కోతులు పడి జవాబు పత్రాలు ఎత్తుకుపోయిన కథ ఉంది అందులో.

శశి అన్నయ్య.


భీమవరం,
30 మార్చి 2025.

శశి అన్నయ్యకు,

కోతుల కథ మూడుసార్లు చదివారు. సినిమా పెన్ డ్రైవ్ నిన్న అందింది.

చర్చి నుంచి వచ్చాక అందరం టీవీ ముందు కూర్చున్నాం. నాన్నకి అమ్మ ఇస్త్రీ చొక్కా తొడిగింది. ఆయన సీన్లన్నిటికీ తల ఊపుతూ, తోటి నటులు మాట మింగిన చోటల్లా చెయ్యి విదిలిస్తూ చూశారు. పట్టాభిషేకం వచ్చింది. నువ్వు పద్యం పాడావు. ఎంత బాగా పాడావు అన్నయ్యా! ఒక్కసారే ఉంది, వన్స్ మోర్లు తీసేసినట్టున్నావు. పద్యం అయిపోయింది, నీ మొహం మీద తెర చీకటి పడిపోయింది, పేర్లు వచ్చేశాయి.

నాన్న అలాగే చూస్తూ కూర్చున్నారు. పేర్లన్నీ అయిపోయాక టీవీ వైపు ఎడంచెయ్యి చాచి "నాది" అన్నారు. "నాది. నాది." ఆ మాట ఇంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆయన ముగింపు ఎందుకు తీసేశావు? మాట రాకపోయినా నిలబడ్డారు కదా. మణిశంకర్‌కి ఫోన్ చేశాను. అన్ని కెమెరాల బొమ్మా ఉంది, మీకు కావాలంటే పంపుతానండి అన్నాడు. పంపమన్నాను.

తబిత.


రాజమహేంద్రవరం,
6 ఏప్రిల్ 2025.

చెల్లాయికి,

మణిశంకర్‌ని అడక్కుండా ఉండాల్సింది. ఎడిట్ చెయ్యని బొమ్మ చూడటం కష్టం, పైగా ఆ స్థితిలో ఆయన్ని మీరు చూడకూడదనే తీసేశాను. బయట పోటీకి పంపాలంటే నిడివి తగ్గించాలి కూడా. వన్స్ మోర్లు వద్దని ముందే నియమం పెట్టుకున్నాం, కాబట్టి పద్యం ఒక్కసారికే ఉంచాను. ముగింపు రాజు మొహం మీద పడితే కథ బిగువుగా ఉంటుందని చూసినవాళ్ళు కూడా అన్నారు.

మాస్టారితో చెప్పు, ఇంకో కాపీలో ఆయన ముగింపు పెడతానని. వేసవి సెలవుల్లో వస్తాను.

ఆ బొమ్మ చూడకు తబితా. నా మాట విను.

శశి.


భీమవరం,
11 మే 2025.

శశిభూషణ్ గారికి,

చూడొద్దన్నారు కాబట్టి చూశాను. నెల రోజులు ఆగి, రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి రైతులంతా ల్యాబ్‌లో కూర్చుంటే తీరిక లేక, నిన్న శనివారం సెలవు పెట్టి చూశాను. ఎడమవైపు కెమెరా. అందులో మీరిద్దరూ పక్కనుంచి పూర్తిగా కనబడతారు.

మొదటిసారి పద్యం అయిపోతుంది. నాన్న చేతిలో కర్ర జారిపోతుంది. దొర్లి స్టేజీ అంచుకి పోతుంటే మీరు కాలు అడ్డం పెట్టి ఆపుతారు. వంగి కర్ర చూస్తారు. తల ఎత్తి నాన్న మొహం చూస్తారు. చాలాసేపు చూస్తారు. నేను ఆపి ఆపి చూశాను, ఆయన మూతి అప్పటికే వంకర పోయింది. జనం వన్స్ మోర్ అంటున్నారు. మీరు హార్మోనియం వైపు తిరిగి తల ఊపుతారు.

చిట్టియ్య గారిని ఇంటికి పిలిచి అడిగాను. ఆయనకి నేనెందుకు అడుగుతున్నానో తెలియదు. "పాడేవారు తల ఊపితేనే మేం శ్రుతి పట్టుకుంటామండి. ఊపకపోతే వాయించం. జనం ఎంత అరిచినా అంతే. శశిబాబు రెండుసార్లూ ఊపేరండి" అన్నారు.

రెండోసారి ఊపినప్పుడు నాన్న కుడిచెయ్యి వేలాడుతోంది.

ఇంకొకటి కూడా తెలిసింది. మార్చిలో మీ కాలేజీలో పూర్తి సినిమా వేశారట, నాన్న ముగింపుతో సహా. నాన్నకి మాట రాక నిలబడిన నలభై సెకన్లకి పిల్లలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. మౌనంతో ఇంత నటించినవాళ్ళని చూడలేదని ఎవరో పెద్దాయన మాట్లాడారట. మీరు వేదిక మీదే ఉన్నారట. కాదని చెప్పలేదట.

నాకు జవాబు రాయండి. కోతుల కథలు వద్దు.

తబిత.


రాజమహేంద్రవరం,
19 మే 2025.

తబితకి,

దీన్ని నీ ల్యాబ్ అడ్రసుకి పంపుతున్నాను. మాస్టారి చేత చదివించకు. ఇదొక్కటే వేడుకుంటున్నాను.

నువ్వు చూసింది నిజం. నేను నీకు రాసింది అబద్ధం.

కర్ర జారగానే అనుమానం వచ్చింది. మొహం చూడగానే అనుమానం పోయింది. నాకు పదేళ్ళప్పుడు మా తాతగారికి అరుగు మీద కూర్చుని ఉండగా పక్షవాతం వచ్చింది. ఆ మూతి ఎలా జారుతుందో నేను మర్చిపోను. లైట్లు అడ్డం రాలేదు. మాస్టారి కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఆపమని అడుగుతున్నాయని అర్థమైంది.

సరిగ్గా అప్పుడు హాలు వన్స్ మోర్ అంది.

పాతికేళ్ళకి పైగా ఆయన పక్కన వేషాలు కట్టాను. వన్స్ మోర్లన్నీ ఆయనవి. ఆయన రెండోసారి, మూడోసారి పాడుతుంటే నేను చేతులు కట్టుకుని కదలకుండా నిలబడేవాణ్ణి. అది నియమం కదా, ఎదుటివాడు బొమ్మలా ఉండాలి. ఆ సాయంత్రం మొదటిసారిగా నాకొచ్చింది. బొమ్మలా నిలబడాల్సింది ఆయన. నిలబడే ఉన్నారు. ఈ ఒక్కసారీ పాడేసి తెర దింపేద్దామని నాకు నేనే చెప్పుకున్నాను. తల ఊపాను.

రెండోసారి బాగా పాడాను. అది చెప్పకపోతే ఇంకా అబద్ధమే అవుతుంది. ఎదురుగా ఆయన అలా ఉండటం వల్లే ఎప్పుడూ రాని ఆర్తి ఏదో గొంతులోకి వచ్చింది, అది వస్తోందని నాకు తెలుస్తోంది. హాలు లేచిపోయింది. మళ్ళీ ఊపాను. ఆలాపనతో కలిపి పద్యం నాలుగు నిమిషాలు. నువ్వెవరో నాకు తెలియదని నా గురువు మొహం మీద మూడుసార్లు పాడాను. మొదటిది నాటకం. మిగతా రెండూ నేను.

ఆ ఎనిమిది నిమిషాలు ముందు తీసుకెళ్ళి ఉంటే ఆయనకి మాట మిగిలేదా? ఇక్కడ ఒక డాక్టరుని వేరేవాళ్ళ సంగతిలా చెప్పి అడిగాను. మిగిలేదనీ చెప్పలేం, మిగిలేది కాదనీ చెప్పలేం అన్నాడు. మిగిలేది కాదంటాడేమోనని ఆశగా వెళ్ళాను. అందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

చప్పట్ల సంగతీ నిజమే. చిట్టియ్య గారితో అను, ఆ కిరీటం కథ ఇంకెవరికీ చెప్పొద్దని.

ఎందుకు రాలేదో కూడా చెప్తాను. పేపర్లు లేవు, పనీ లేదు. నేను గుమ్మంలోకి రాగానే మాస్టారికి మాట తిరిగొస్తుందని భయం. వస్తే మొదట ఏమంటారోనని భయం. నీ ఉత్తరాల్లో ఒక్కో మాట వచ్చిందని చదివినప్పుడల్లా ఉత్తరం మడిచి పక్కన పడేసేవాణ్ణి. ఆయనకి మాట రాకూడదని నేను కోరుకున్నాను. గుడ్డట్టు తిన్న ఇంటికి ఇలా కోరుకున్నాను.

సినిమా నా దగ్గరే ఉంచేశాను, పోటీకి పంపలేదు. ఆ ముగింపు ఉంచమంటే ఉంచుతాను, తగలబెట్టమంటే తగలబెడతాను. నువ్వు చెప్పు.

శశిభూషణ్.


భీమవరం,
8 జూన్ 2025.

శశిభూషణ్‌కి,

నీ ఉత్తరం నాకు అందలేదు. నాన్నకి అందింది.

ల్యాబ్ అడ్రసే రాశావు. కానీ నాలుగు నెలల అలవాటుకొద్దీ అక్షరాలు మాత్రం పెద్దపెద్దవి రాశావు, పైన కవరు మీద కూడా. పోస్టుమాన్ రాముడు ఆ రాత చూడగానే గుర్తుపట్టేశాడు. నాన్న రోజూ వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని అతని కోసమే చూస్తుంటారు. "మీ శిష్యుడిదేనండి మాస్టారూ, ల్యాబ్ దాకా ఎందుకండీ" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. లోపల కూడా అవే అక్షరాలు, వరసలు ఎడంగా. ఆయన చదవలేకపోవడానికి ఒక్క కారణం కూడా మిగల్చలేదు నువ్వు.

అమ్మ పక్కన కూర్చుని ములక్కాడలు గీస్తోంది. పది గంటలకి మొదలుపెట్టారట. మొదటి వరసలోనే 'మాస్టారి చేత చదివించకు' అని ఉంది. అది కూడా పైకి చదివారట. నేను భోజనానికి వచ్చేసరికి ఒంటిగంట అయింది, ఆఖరి కాగితం మీద ఉన్నారు. లాక్కోబోతే చెయ్యి తోసేశారు. నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను.

"ఆయనకి మాట రాకూడదని నేను కోరుకున్నాను." ఆ వరస ఎక్కడా ఆగకుండా, తడబడకుండా చదివారు. ఆరు నెలల్లో ఆయన నోట పూర్తిగా వచ్చిన మొదటి వాక్యం అదే. ఇది నీకు తెలియాలని రాస్తున్నాను.

తరవాత కాగితాలు మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు. అన్నం తిన్నారు. అమ్మ తినలేదు. సాయంత్రం నాతో అంది: "సెప్పకపోయినా మన బతుకు మనం బతికేసేవోళ్ళం. సెప్పేశాడు. ఇప్పుడు నన్నేం సెయ్యమంటాడు? ఆడికి అట్టు ఏసి పెట్టిన సెయ్యే కదే ఇది." తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నా సంగతి అడిగితే, నాకు నీ మీద కోపం పోలేదు. పోతుందని మాట కూడా ఇవ్వను. నిన్ను అన్నయ్యా అని రాయబోతే చెయ్యి రావడం లేదు, గారూ అని రాస్తే నవ్వొస్తోంది. అందుకే పేరు రాశాను.

ముగింపు ఏం చెయ్యాలో నన్ను అడిగావు. అది నాది కాదు, ఎవరిదో ఆయన టీవీ ముందు చెప్పనే చెప్పారు. ఎనిమిది రోజులు కూర్చుని ఎడంచేత్తో నీకు రాశారు. సాయం చేస్తానంటే పొమ్మన్నారు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. దీంతోపాటు పెడుతున్నాను.

తబిత.


భీమవరం. మా ఇల్లు.

ఒరేయ్ శశీ,

ఎడంచెయ్యి. వంకర రాత. బెత్తం నీ దగ్గరే ఉంచుకో.

చదివాను. అంతా. పైకే చదివాను.

మొదటిసారి పద్యానికి చెయ్యి పోయింది. రెండోసారి నోరు పోయింది. మూడోసారి చెవులే మిగిలాయి. బాగా పాడావు. ఆలాపన ఎక్కువైంది.

తల ఊపడం చూశాను. నీ చోట నేనుంటే? ఊపేవాణ్ణే అనిపిస్తుంది. మర్నాడు కాదనిపిస్తుంది. రోజూ ఇదే పని నాకు.

ముగింపు తీయకు. నాది. కానీ నటన అని చెప్పకు. మళ్ళీ కాలేజీలో వెయ్యి. అది జబ్బు అని చెప్పు. నాకు తెలుసు అని చెప్పు. నువ్వే నిలబడి చెప్పు.

క్షమించాను అని రాయలేదు. వెతక్కు.

నా ఆఖరి మాట నోట్లోనే ఉండిపోయింది. అబ్బాయికి ఇవాళ పని ఎక్కువ. రేపు కబురు పెడతాడు. చూడు, రాయడం వచ్చింది. చెప్పడం రాదు. పద్యం విన్న ఊపులో వస్తుందేమో అంటోంది హరిచందన. ఆ పద్యం నీదే.

ఆరు నెలలు గుమ్మంలో కూర్చున్నాను. కబురు రాలేదు. కోతులు వచ్చాయి.

అందుకని నేనే పెడుతున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక రా. చిట్టియ్యని హార్మోనియంతో తీసుకురా. మీ అమ్మగారు కోడిగుడ్లు తెప్పించింది. నేను చెప్పలేదు.

నా ఎదురుగా నిలబడు. మొహం చూస్తూ పాడు.

ఒక్కసారే.

జ్ఞానప్రకాశం.